వెజేర్ లోయలో మూడు రాత్రులు: ఏ ఊళ్ళో దిగాలి, ఏది చూడాలి, ఏది వదిలేయాలి

అమ్మానాన్నలు సెప్టెంబరులో బేతంచెర్ల నుంచి వస్తున్నారని, పారిస్ వాళ్ళకు నిరుడే చూపించారని, ఈసారి తులూజ్ నుంచి కారులో ఒక ఫ్రెంచ్ పల్లెటూరికి తీసుకెళ్ళి మూడు రాత్రులు ఉంచాలనుకుంటున్నారని రాశారు. నాన్నగారు బడిలో చరిత్ర చెప్పి రిటైరయిన మాస్టారు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, పైగా శాకాహారి. మీ పాపకు ఎనిమిదేళ్ళు. ఏ ఊళ్ళో దిగాలి, ఆదిమానవుల బొమ్మలున్న అసలు లాస్కో గుహను మూసేశారు కదా, నకలు చూడటానికి అంత దూరం వెళ్ళాలా, దోర్దోన్ కోటలు కూడా అదే ప్రయాణంలో కలపవచ్చా అని అడిగారు.

నేను తులూజ్‌లో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను. నైరుతి ఫ్రాన్స్‌లోని వెజేర్ లోయకు దాదాపు ప్రతి ఏడూ వెళ్తాను. మా నాన్నను తీసుకెళ్ళాను, అత్తమామలను తీసుకెళ్ళాను, ఒంటరిగానూ వెళ్ళాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ఊరి పేరు ముందే చెప్పేస్తాను: సాన్-లెయాన్-స్యూర్-వెజేర్. వెజేర్ నది ఒడ్డున ఉన్న సాన్-లెయాన్ అని అర్థం. లాస్కో పక్కనున్న మోంటిన్యాక్ ఊరికీ లెజేజీ ఊరికీ నడుమ, నది వంపు తిరిగే చోట ఉంటుంది. జనాభా నాలుగు వందలకు అటూ ఇటూ. 12వ శతాబ్దపు రోమనెస్క్ చర్చి, రెండు మూడు పాత భవంతులు, నది మీద ఒక వంతెన, వేసవిలో పిల్లలు నీళ్ళలో ఆడుకునే ఒడ్డు. ఊరంతా పది నిమిషాల్లో తిరిగేయవచ్చు. చాలామంది అలాగే తిరిగేసి వెళ్ళిపోతారు, అక్కడే పొరపాటు చేస్తారు. సాయంత్రం ఆరు తరువాత పర్యాటకుల కార్లు వెళ్ళిపోయాక ఆ ఊరు వేరు. చర్చి వెనుక గుండ్రటి గోడ నేరుగా నది వైపు తిరిగి ఉంటుంది. అక్కడ గట్టు మీద కూర్చుంటే నీళ్ళ చప్పుడు, పావురాల రెక్కల చప్పుడు తప్ప మరొకటి వినిపించదు. అమ్మగారికి మెట్లు ఎక్కే పని లేకుండా రోజూ ఒక గంట కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు ఆ లోయలో నాకు కనబడలేదు.

ఆ చర్చి పైకప్పు చూడమని మీ నాన్నగారికి చెప్పండి. అది పెంకు కాదు, సున్నపురాతి పలకలు. ఇక్కడ వాటిని లోజ్ అంటారు. మేకులు లేకుండా, ఒకదాని మీద ఒకటి అంచులు కలిసేలా పేరుస్తారు. చదరపు మీటరు కప్పు బరువు అర టన్ను దాటుతుంది, అందుకే దాని కింద దూలాలు అంత నిటారుగా, అంత దట్టంగా ఉంటాయి. బేతంచెర్ల మనిషికి నాపరాయి గురించి నేను చెప్పేదేముంది! మన దగ్గర నేల మీద పరిచే రాయి ఇక్కడ నెత్తిన పెట్టుకున్నారు, అంతే తేడా.

బేతంచెర్ల అని మీరు రాయడం చూసి నిజంగా సంతోషం వేసింది. ఎందుకంటే మీ ఊరికీ ఈ లోయకూ పాత సంబంధం ఒకటి ఉంది. 1863లో ఎడ్వార్ లార్తే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త, హెన్రీ క్రిస్టీ అనే ఆంగ్లేయుడు కలిసి వెజేర్ ఒడ్డున రాతి చరియల కింద తవ్వకాలు మొదలుపెట్టారు. సరిగ్గా అదే ఏడాది మద్రాసు దగ్గర పల్లావరంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్తకు రాతి గొడ్డలి దొరికింది. మన దేశపు ప్రాక్చరిత్ర అధ్యయనం మొదలైంది అక్కడే. లార్తే, క్రిస్టీ తవ్విన చోట్లలో లా మదెలెన్ ఒకటి. అక్కడ దొరికిన ఎముక, కొమ్ము పనిముట్లను బట్టి పాత రాతియుగపు చివరి దశకే మగ్దలేనియన్ అని పేరు వచ్చింది. ఆ తరువాత 1880లలో ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో తవ్వినప్పుడు ఎముక పనిముట్లు దొరికాయని చెప్పి, వాటిని దేనితో పోల్చారో తెలుసా? ఈ మగ్దలేనియన్ పనిముట్లతోనే. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి గారు అప్పటి కర్నూలు జిల్లాలోనే ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వి, అక్కడి ఎముక పనిముట్లను వెలికితీశారు. అంటే మీ నాన్నగారు బడికి నడిచి వెళ్ళిన దారులకు కూతవేటు దూరంలోని గుహలను అర్థం చేసుకోవడానికి ఒక కాలంలో కొలబద్దగా వాడిన ఊరు, సాన్-లెయాన్ నుంచి పది కిలోమీటర్ల దూరంలో ఉంది.

నేను ఈ లోయను అందరికీ చెప్పేది అందుకే. పాఠ్యపుస్తకంలో యుగాల పేర్లుగా చదువుకున్నవి ఇక్కడ దారి పక్కన బోర్డుల మీద ఊళ్ళ పేర్లుగా కనిపిస్తాయి. ముస్టీరియన్ అనేది లె ముస్త్యే అనే కుగ్రామం పేరు. మనకంటే ముందు ఇక్కడ బతికిన నియాండర్తల్ మనుషుల పనిముట్లకు ఆ పేరు పెట్టారు, 1908లో అక్కడే ఒక నియాండర్తల్ అస్థిపంజరం బయటపడింది. సాన్-లెయాన్ నుంచి కారులో ఐదారు నిమిషాలు. యూరోపులోని తొలి ఆధునిక మనుషులను క్రో-మాన్యాన్ మానవుడు అని అందరం చదివాం. ఆ క్రో-మాన్యాన్ అంటే లెజేజీ ఊళ్ళో ఒక రాతి చరియ, అంతే. అక్కడి భాషలో క్రో అంటే బొరియ. 1868లో పనులు చేస్తున్న కూలీలు ఆ చరియ కింద ఎముకలు చూశారు, లార్తే కొడుకు లూయీ వచ్చి తవ్వించాడు. దాదాపు 30 వేల ఏళ్ళ కిందటి ఐదుగురి అవశేషాలు, చిల్లులు పెట్టిన గవ్వలతో సహా. చరిత్ర మాస్టారుకు ఆ బోర్డులు చదువుతూ కారులో వెళ్ళడమే ఒక యాత్ర. కారు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపండి.

ఇక లాస్కో. నకలు చూడాలా అన్న అనుమానం నాకూ ఉండేది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ అనుమానంతోనే వెళ్ళాను, బయటికి వచ్చేసరికి అది లేదు. ఎందుకో చెప్పాలంటే అసలు కథ తెలియాలి.

1940 సెప్టెంబరు 12న మార్సెల్ రవిదా అనే పద్దెనిమిదేళ్ళ మెకానిక్ కుర్రవాడు, మరో ముగ్గురు పిల్లలు జాక్ మర్సాల్, జార్జ్ అన్యెల్, సిమోన్ కోయెంకాస్ కలిసి మోంటిన్యాక్ పైనున్న కొండ మీద ఒక బొరియను వెడల్పు చేసి లోపలికి జారారు. ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయి మూడు నెలలైనా కాలేదు. కోయెంకాస్ యూదుల పిల్లవాడు, యుద్ధానికి భయపడి పారిస్ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబం. తరువాత అతని తల్లిదండ్రులను ఆష్విట్జ్ నాజీ శిబిరంలో చంపేశారు. అతను బతికి బయటపడ్డాడు, నలుగురిలో చివరివాడిగా 2020లో కన్నుమూశాడు. ఈ విషయం పాపకు చెప్పాలో వద్దో మీ ఇష్టం, నాన్నగారికి మాత్రం తప్పక చెప్పండి. గుహలోకి జారిన ఆ నలుగురు పిల్లల వెనుక ఏ కాలం నడుస్తోందో తెలిస్తే గాని ఆ కథ బరువు తెలియదు.

1948లో గుహను జనానికి తెరిచారు. రోజుకు వెయ్యి మందికి పైగా వచ్చే రోజులు వచ్చాయి. ఊపిరితో లోపల తేమ, బొగ్గుపులుసు వాయువు పెరిగాయి. గోడల మీద పచ్చటి నాచు పట్టింది, ఇంకొన్ని చోట్ల తెల్లటి సున్నపు పొర కమ్మడం మొదలైంది. వేల ఏళ్ళు చెక్కుచెదరకుండా ఉన్న బొమ్మలు పదిహేనేళ్ళలో ప్రమాదంలో పడ్డాయి. 1963లో సాంస్కృతిక మంత్రి ఆంద్రే మల్రో గుహను మూయించాడు. ఆ టిక్కెట్ల మీద బతికే ఊరికి అది చిన్న దెబ్బ కాదు. అయినా మూశారు, ఇప్పటికీ తెరవలేదు, తెరవకూడదు కూడా. 1983లో అసలు గుహకు 200 మీటర్ల దూరంలో ముఖ్యమైన రెండు గదులకు నకలు కట్టారు, దాన్ని లాస్కో-2 అంటారు. మోనిక్ పెయిత్రాల్ అనే చిత్రకారిణి ఏళ్ళ తరబడి ఆ పనిలోనే ఉండి, ఆనాటి వాళ్ళు వాడినలాంటి సహజ రంగులతో ఆ బొమ్మలన్నీ మళ్ళీ వేసింది. 2016 డిసెంబరులో కొండ కింద లాస్కో-4 తెరిచారు. ముప్పై మందికి పైగా కళాకారులు మూడేళ్ళు కష్టపడ్డారు, గోడ ఎత్తుపల్లాలను లేజరుతో కొలిచి పోతపోశారు.

కాబట్టి అది నకిలీ కాదు. అసలును కాపాడటానికి ఇచ్చిన మాట. ఎద్దుల గదిలో నిలబడి తల పైకెత్తండి, ఐదు మీటర్ల పొడవున్న ఎద్దు మీ మీదుగా సాగిపోతుంది. గోడ ఉబ్బులనూ ఎత్తుపల్లాలనూ కలుపుకునే జంతువులను గీశాడు ఆనాటి చిత్రకారుడు. గుహ మొత్తంలో దాదాపు 600 జంతువుల బొమ్మలు రంగుల్లో ఉన్నాయి. వాళ్ళు తిన్నది ఎక్కువగా రెయిన్‌డీర్ మాంసమని ఎముకలు చెబుతున్నాయి, బొమ్మల్లో మాత్రం రెయిన్‌డీర్ ఒక్కటే ఉందని చెబుతారు. అంటే అవి తిండి జాబితా కాదు, వేట లెక్క కాదు. మరేమిటన్నది నాన్నగారు, గైడు కలిసి మాట్లాడుకోవాల్సిన విషయం. టిక్కెట్టు ముందే కొనండి, ఆంగ్లంలో వివరించే బృందం సమయం చూసుకుని కొనండి. లోపల చల్లగా ఉంటుంది, అమ్మగారికి శాలువా ఉంచండి. దారి వాలుగా ఉంటుంది గాని నడవలేనంత కాదు.

అయితే లాస్కో ఒక్కటే చూసి తిరిగి రావద్దు. నకలు చూసిన మరునాడు ఒక్క అసలు గుహలోనైనా నిలబడాలి. నా పట్టుదల అల్లా ఇదే. వరుస కూడా ముఖ్యం. ముందు లాస్కో చూస్తే కంటికి అలవాటవుతుంది, గీత ఎలా మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. ఆ తరువాత అసలు గుహలో మసకబారిన బొమ్మలు కూడా వాటంతట అవే కనిపిస్తాయి. తిరగేసి చూస్తే అసలు గుహ చప్పగా అనిపిస్తుంది.

అసలు గుహల్లో రెండింటి గురించి చెబుతాను. ఒకటి లెజేజీ పక్కనే ఉన్న ఫోన్-ద-గోమ్. ఊరివాళ్ళకు ఆ గుహ ముందునుంచీ తెలుసు, లోపల పేర్లు కూడా చెక్కుకున్నారు. 1901 సెప్టెంబరులో దెనీ పెయిరోనీ అనే స్థానిక బడిపంతులు గోడల మీది బొమ్మలను గుర్తించాడు. అవును, బడిపంతులే. ఒకటికి మించిన రంగులతో వేసిన ఆ కాలపు బొమ్మలను అసలు గోడ మీదే చూడటానికి జనాన్ని అనుమతించే గుహలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, ఇది వాటిలో ఒకటి. రోజుకు చాలా కొద్దిమందినే పంపుతారు. అందుకే ప్రయాణం ఖాయం కాగానే మీరు చేయాల్సిన మొదటి పని దీని టిక్కెట్లు. ఇల్లు, కారు అన్నీ తరువాత. టిక్కెట్ల పద్ధతి మారుతూ ఉంటుంది కాబట్టి అధికారిక వెబ్‌సైటులో చూసి కొనండి.

లోపల సన్నటి దారి. ఇద్దరు పక్కపక్కన నడవలేరు. గైడు చిన్న దీపంతో ముందు నడుస్తాడు. నేను చివరిసారి వెళ్ళినప్పుడు ఆయన ఒక చోట ఆగి, దీపాన్ని గోడకు ఎదురుగా పెట్టాడు. మాకు కనిపించింది ఎర్రటి మరక. ఆ తరువాత దీపాన్ని మెల్లగా పక్కకు, కిందికి జరిపాడు. రాతి ఉబ్బు మీద నీడ పడగానే అక్కడ మూపురం లేచింది, దాని కింద భుజం, ముందుకు వంగిన తల. బైసన్. దీపం కదిలినప్పుడల్లా దాని పక్క ఊపిరి పీల్చినట్టు కదిలింది. మా బృందంలో పన్నెండు మందిమి, ఒక్కరు కూడా మాట్లాడలేదు. ఫొటోలు తీయనివ్వరు, తీసినా అది ఫొటోలో పడేది కాదు.

ఫోన్-ద-గోమ్‌కు ఒక ఇబ్బంది ఉంది. కింద టిక్కెట్ల గది నుంచి గుహ ముఖద్వారానికి 400 మీటర్లు ఎక్కుడు దారి. అమ్మగారు మెల్లగా నడవగలిగితే సరే, లేకపోతే ఆవిడకు అది శిక్ష. అందుకని రెండవ గుహ: రూఫిన్యాక్. సాన్-లెయాన్ నుంచి అరగంట లోపే. ఇక్కడ లోపలికి చిన్న కరెంటు రైలు తీసుకెళ్తుంది. గుహ మొత్తం ఎనిమిది కిలోమీటర్లకు పైగా ఉంటుంది, అందులో కొంత భాగం చూపించి గంటలో బయటికి తెస్తారు. ఇప్పుడు అంతరించిపోయిన బొచ్చు ఏనుగులు, అదే మామత్‌ల బొమ్మలు 150కి పైగా ఉన్నాయి, అందుకే దీన్ని నూరు మామత్‌ల గుహ అంటారు. బొమ్మలకంటే ముందు మీ పాప కంటికి ఆనేవి మాత్రం ఎలుగుబంట్ల గుంతలు. గుహ ఎలుగులు శీతాకాలం నిద్రపోవడానికి మట్టిలో తవ్వుకున్న పక్కలు, గోడల మీద వాటి గోళ్ళ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. చివర రైలు ఆగి దిగాక పైకప్పు నిండా గుర్రాలు, మామత్‌లు, కొండమేకలు ఒకదాని మీద ఒకటి. ఆనాడు అక్కడ నేలకూ కప్పుకూ నడుమ మనిషి పాకే ఎత్తే ఉండేది. చిత్రకారుడు వెల్లకిలా పడుకుని, తను వేసే బొమ్మ మొత్తం తనకే కనబడకుండా, చేయి ఎంతవరకు వెళ్తే అంతవరకు గీశాడు. పర్యాటకుల కోసం నేల తవ్వి లోతు చేశారు కాబట్టి మనకు మొత్తం కనిపిస్తోంది. ఆ బొమ్మల మధ్యనే గత శతాబ్దాల సందర్శకులు మసితో రాసిన పేర్లు కూడా ఉన్నాయి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

గుహ చూసి వస్తూ రూఫిన్యాక్ ఊళ్ళో ఐదు నిమిషాలు ఆగండి. ఇళ్ళన్నీ ఒకే వయసువి అనిపిస్తాయి. 1944 మార్చి 31న జర్మన్ సైన్యం ఊరిని తగలబెట్టింది. చర్చి, దాని పక్కనున్న కొద్దిపాటి కట్టడం తప్ప మిగిలిందంతా యుద్ధం తరువాత కట్టుకున్నదే.

లెజేజీలో జాతీయ ప్రాక్చరిత్ర మ్యూజియం తప్పక చూడండి. మామూలుగా నేను ప్రయాణంలో మ్యూజియంలు ఎక్కువ పెట్టుకోవద్దంటాను, ఇది వేరు. రెండు వస్తువుల కోసం వెళ్ళండి. ఒకటి లాస్కో గుహ లోతున బావి లాంటి చోట దొరికిన దీపం. గులాబి రంగు ఇసుకరాయిని గరిటె ఆకారంలో నునుపుగా అరగదీశారు, పిడి మీద బాణపు మొనల్లాంటి గీతలు. కొవ్వు పోసి జునిపర్ పుల్లలు వత్తిగా వెలిగించారని అందులో మిగిలిన బొగ్గు చెప్పింది. మా నాన్న అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూసి, "ఇది మనింట్లో ఏకహారతి కదమ్మా" అన్నాడు. నిజంగానే అదే ఆకారం. చేత్తో పట్టుకుని దేని ముందో ఎత్తి చూపడానికి చేసిన దీపం.

రెండవది లా మదెలెన్‌లో దొరికిన బైసన్. రెయిన్‌డీర్ కొమ్ము ముక్క మీద చెక్కింది, నిలువునా పది సెంటీమీటర్లు ఉంటుంది. తల వెనక్కి తిప్పి తన డొక్కను నాకుతూ ఉంటుంది. కొమ్ము ముక్క పొట్టిది, తల ముందుకు పెడితే పట్టదు, అందుకని శిల్పి తల వెనక్కి తిప్పాడు. పాక దగ్గర ఆవును చూస్తూ పెరిగిన ఎవరికైనా ఆ మెడ తిప్పడం తెలుసు. ఈగ వాలినప్పుడు, దురద పెట్టినప్పుడు మెడ ఎలా మడతపడుతుందో ఆ మడత దాకా చెక్కాడు. బిల్లసర్గంతో పోల్చిన మగ్దలేనియన్ అంటే ఏమిటో నాన్నగారికి ఈ ఒక్క ముక్క చెబుతుంది. అక్కడే లా మదెలెన్‌లో దొరికిన చంటిబిడ్డ సమాధి కూడా ఉంది, పదివేల ఏళ్ళ కిందటిది. రెండు మూడేళ్ళ బిడ్డ, మీద వెయ్యికి పైగా చిన్నచిన్న గవ్వలు. వాటిని ఏరి తెచ్చి, ఒక్కొక్కటీ కూర్చి ఉంటారు. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

లా రోక్ సాన్ క్రిస్టోఫ్‌కు నాన్నగారు, పాప వెళ్ళి రావచ్చు, అమ్మగారికి మెట్లు వద్దు. నది మీదికి ఒరిగిన 80 మీటర్ల ఎత్తు కొండ, కిలోమీటరు పొడవున అంతస్తులుగా చరియలు. ఆదిమానవుల నుంచి 16వ శతాబ్దం దాకా మనుషులు అక్కడ ఉన్నారు, కాథలిక్కులకూ ప్రొటెస్టంట్లకూ మతయుద్ధాలు జరిగిన కాలంలో 1588లో కోటను కూలగొట్టారు. మధ్యయుగాల బరువులెత్తే యంత్రాలను మళ్ళీ చేసి పెట్టారు, పాపకు నచ్చుతాయి. అది సాన్-లెయాన్‌కు నాలుగు కిలోమీటర్లే కాబట్టి సాయంత్రం పెట్టుకోండి.

కోటల సంగతి: ఈసారి వద్దు. బేనాక్, కాస్తెల్నో గొప్పవే. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య జరిగిన నూరేళ్ళ యుద్ధంలో నదికి ఇటు ఒకటి, అటు ఒకటి ఎదురెదురుగా నిలిచిన కోటలు. కాని అవి దోర్దోన్ నది మీద ఉన్నాయి, అది పక్క లోయ. మూడు రోజుల్లో రెండు లోయలు కలిపితే మీకు మిగిలేది కారు సీటు. అమ్మగారి మోకాళ్ళకు కోట మెట్లు అసలే పడవు. వాటి కోసం మరోసారి రండి, అప్పుడు అమెరికాలో పుట్టిన నర్తకి, గాయని జోసెఫిన్ బేకర్ పన్నెండు మంది పిల్లలను దత్తత తీసుకుని పెంచిన లే మిలాండ్ భవనం కూడా చూడవచ్చు.

రోజుల విషయంలో నా సలహా బుధవారం బయలుదేరమని. మోంటిన్యాక్‌లో బుధవారం ఉదయం సంత. తులూజ్‌లో ఏడింటికి బయలుదేరితే సంత దొరుకుతుంది, కూరగాయలు కొనుక్కుని, మధ్యాహ్నం లాస్కో. గురువారం లెజేజీ, మ్యూజియం, ఫోన్-ద-గోమ్. మ్యూజియానికి సెప్టెంబరులో మంగళవారం సెలవు, అది కూడా గుర్తుంచుకోండి. శుక్రవారం రూఫిన్యాక్, సాయంత్రం లా రోక్. శనివారం తిరుగు దారిలో సార్లా సంత. సార్లా పాత వీధులు అలా నిలిచి ఉండటానికి 1962లో అదే మల్రో తెచ్చిన చట్టం కారణం. గుహను మూయించిన మనిషే ఈ వీధులనూ కాపాడాడు. సెప్టెంబరు మూడవ వారాంతం వారసత్వ దినాలు, అప్పుడు జనం ఎక్కువ. ఆ వారం తప్పించండి, లేదా జనం ఉన్నా పరవాలేదనుకుంటే వెళ్ళండి, మామూలుగా తెరవని కొన్ని భవనాలు అప్పుడు తెరుస్తారు.

తిండి గురించి భయపడకండి, కాని జాగ్రత్త. ఈ ప్రాంతం పేరు పెరిగోర్, అంటే బాతు, హంసబాతు కొవ్వు దేశం. ఒక ఊళ్ళో మా అత్తగారికి శాకాహారమని అడిగి మరీ బంగాళదుంపల వేపుడు తెప్పించాను. సార్లా వేపుడు, వెల్లుల్లి, కొత్తిమీరలాంటి ఆకు వేసి ఘుమఘుమలాడుతూ వచ్చింది. రెండు ముద్దలు తిన్నాక తెలిసింది, దాన్ని బాతు కొవ్వులోనే వేయిస్తారట. వడ్డించినావిడ దృష్టిలో అందులో మాంసం లేదు, అంతే. ఆవిడ తప్పు కాదు, నేను అడగాల్సింది "కొవ్వు దేనిది" అని. ఇక్కడి వెల్లుల్లి సూపుదీ అదే కథ. జున్నుల్లో కూడా చాలావాటికి పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడతారు, అమ్మగారికి అంత పట్టింపు ఉంటే ముందే చెప్పండి.

అందుకే హోటలు కాకుండా జీత్ తీసుకోండి. జీత్ అంటే వంటగదితో సహా అద్దెకిచ్చే పల్లె ఇల్లు. బియ్యం, పప్పు, కందిపొడి, గోంగూర పచ్చడి ఉంటే రాత్రి భోజనం ఇంట్లోదే. అన్నట్టు, అమ్మగారు నెయ్యి సర్దుతుంటే ఆపండి. యూరోపు బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేకూడదు, విమానాశ్రయంలో తీసుకుంటారు. ఇక్కడ ఉప్పు లేని వెన్న కొని కాచండి, కమ్మటి నెయ్యి అవుతుంది. సంతలో అక్రోట్లు, అక్రోటు నూనె, టమాటాలు, అత్తిపండ్లు సెప్టెంబరులో బాగుంటాయి.

పల్లె వేళలు నగరం వేళలు కావు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు దుకాణాలు మూస్తారు, ఆదివారం మధ్యాహ్నం తరువాత, సోమవారం చాలావరకు తెరవరు. రొట్టెల దుకాణానికి వారంలో సెలవు రోజు తలుపు మీద రాసి ఉంటుంది, దిగిన రోజే చదివి పెట్టుకోండి. బస్సుల మీద ఆశ పెట్టుకోవద్దు. పెట్రోలు ట్యాంకు నింపుకునే బయలుదేరండి. ఎవరు ఎదురుపడ్డా ముందు బోన్‌జూర్ అనమని పాపకు, పెద్దవాళ్ళకు చెప్పండి. ఆ ఒక్క మాట అన్నాక చీర కట్టుకున్న పెద్దావిడను చూసి పలకరించనివాళ్ళు నాకు ఆ ఊళ్ళో ఒక్కరూ తారసపడలేదు.

ఒక చివరి మాట నాన్నగారి కోసం. బయలుదేరే ముందు బిల్లసర్గం గుహల ఫొటోలు నాలుగు ఫోనులో పెట్టుకోమనండి. గుహ ముఖద్వారం దూరం నుంచి ఒకటి, లోపల నుంచి ఒకటి ఉంటే చాలు. ఫోన్-ద-గోమ్ బయటికి వచ్చాక గైడుకు చూపించి, 1880లలో ఈ గుహలో దొరికినవాటిని మీ లా మదెలెన్‌తో పోల్చారని మీరు ఫ్రెంచ్‌లో చెప్పండి. తరువాతి బృందానికి పావుగంట సమయం ఉంటుంది. మీరు పాపను తీసుకుని కిందికి దిగిపోండి, నాన్నగారు నింపాదిగా వస్తారు.